నడికట్టు: చేసే పని, చేయని పని

మన భాషలో నడుము చుట్టూ అల్లుకున్న మాటలు చాలా ఉన్నవి. పనికి పూనుకున్నవాడు నడుం కట్టుకుంటాడు. పట్టుదల గలవాడు నడుం బిగిస్తాడు. అలసినవాడు నడుం వాలుస్తాడు. నడుముకు కట్టేవాటికీ పేర్లు తక్కువ కాదు: దట్టి, నడికట్టు, మొలతాడు, వడ్డాణం. మా మఠంపల్లి చుట్టుపక్కల తాటిచెట్టెక్కే గీతకార్మికుడికి మోకు, ముస్తాదు లేనిదే పొద్దు గడవదు. సిమెంటు బస్తాలు మోసే హమాలీగాని, మిర్యాలగూడ రైసుమిల్లులో బియ్యం బస్తాలెత్తే కూలీగాని, తువ్వాలు మెలిపెట్టి నడుముకు బిగించి మరీ బరువుకు భుజమిస్తాడు. బాలింతల సంగతి చెప్పనే అక్కరలేదు. పురుడు వచ్చిన పిల్లకు పాత నూలుచీర మడతపెట్టి పొట్టచుట్టూ కట్టని తల్లిని నా చిన్నతనంలో మా వీధిలో నేను చూడలేదు.

నలభయ్యేళ్లు దాటాక నాకు ఇంకొక రకం నడికట్టుతో పరిచయమైంది. 2023 మార్చిలో హైదరాబాదులో బరువు తగ్గే ఆపరేషను చేయించుకున్నాను. నా ఎత్తు 155 సెంటీమీటర్లు. అప్పటి బరువు 104 కిలోలు. మధుమేహం వచ్చి ఆరేళ్లయింది. తరగతిలో ఒక గంట నిలబడి పద్యం చెబితే, రెండో గంటకు మోకాళ్లు మొరాయించేవి. ఆపరేషనైన మూడోనాడు ఇంటికి పంపేముందు నర్సమ్మ నా పొట్టచుట్టూ జానెడు వెడల్పు ఎలాస్టిక్కు బెల్టు చుట్టి, "నడిచేటప్పుడు పెట్టుకోండి మేడం, పడుకునేటప్పుడు తీసేయండి" అని చెప్పింది.

మఠంపల్లి చేరాక చూడవచ్చినవాళ్లలో ఆపరేషను గురించి అడిగినవారు తక్కువ. బెల్టు గురించి అడిగినవారు ఎక్కువ. ఆపరేషను లోపలెక్కడో ఉన్నది, కనపడదు. బెల్టు చీర మాటున ఉబ్బెత్తుగా కనపడుతూనే ఉన్నది. కనపడేదానికే ఫలమంతా అంటగట్టడం లోకస్వభావం గదా! అందుచేత ఈ బెల్టు చేసే పనేమిటో, చేయని పనేమిటో, నేను అనుభవించినదీ, డాక్టర్లను అడిగి తెలుసుకున్నదీ కలిపి ఇక్కడ చెబుతున్నాను.

లోపల జరిగేది

"కొవ్వు కోసి తీసేస్తారట గదా?" అని చాలామంది అడుగుతారు. కాదు. నాకు చేసినదాన్ని స్లీవ్ అంటారు. అంటే చొక్కాచెయ్యి అన్నమాట. సంచిలాంటి జీర్ణాశయంలో సుమారు నాలుగింట మూడువంతులు కోసి తీసివేసి, మిగిలినదాన్ని చొక్కాచెయ్యిలాంటి సన్నని గొట్టంగా ఉంచుతారు. పొట్టమీద పెద్దకోత ఉండదు. నాలుగైదు చిన్న రంధ్రాలగుండా కెమెరానూ, పనిముట్లనూ పంపి లోపల పని కానిస్తారు. ఆకలి పుట్టించే గ్రెలిన్ అనే హార్మోను ఎక్కువగా తయారయ్యేది కూడా ఆ తీసివేసిన భాగంలోనే. కనుక కడుపు చిన్నదవటమే కాక, ఆకలి కూడా మందగిస్తుంది. బైపాస్ అనే మరో పద్ధతి ఉన్నది. అందులో జీర్ణాశయం పైభాగాన చిన్న సంచి చేసి, దాన్ని దగ్గరదారిన చిన్నపేగుకు కలుపుతారు.

ఇది నిన్నమొన్నటి విద్య కాదు. పేగును దగ్గరదారిన కలిపి బరువు తగ్గించే పద్ధతిని 1954లో అమెరికాలోని మిన్నెసోటాలో క్రెమెన్, లిన్నర్ అనే వైద్యులు ప్రకటించారు. 1966లో అయోవా విశ్వవిద్యాలయంలో ఎడ్వర్డ్ మేసన్ జీర్ణాశయపు బైపాసుకు నాంది పలికాడు. చిన్న రంధ్రాలగుండా బైపాసు చేయవచ్చునని 1994లో విట్‌గ్రోవ్, క్లార్క్ అనేవారు లోకానికి తెలియజేశారు.

ఇది ఎవరికి చేయాలనేదానికి ఒక లెక్క ఉన్నది. కిలోల్లో బరువును మీటర్లలో ఎత్తుతో రెండుసార్లు భాగిస్తే ఒక అంకె వస్తుంది. నాది 43. అంకె 40 దాటినవారికీ, 35 దాటి మధుమేహంవంటి జబ్బులున్నవారికీ మాత్రమే చేయాలని 1991లో అమెరికాలోని జాతీయ ఆరోగ్య సంస్థలు చెప్పినవి. 2022లో శస్త్రవైద్యుల సంఘాలు ఆ హద్దును 35కు దించి, ఆసియావాసుల విషయంలో 27.5 నుంచే ఆలోచించవచ్చునన్నవి. మనవాళ్లకు తక్కువ బరువుకే మధుమేహం పట్టుకోవటం అందుకు కారణం.

మా ఇంట్లో ఆపరేషను మాట ఎత్తగానే మా అమ్మ నోట వచ్చిన మొదటి పేరు ఆర్తీ అగర్వాల్. 2001లో 'నువ్వు నాకు నచ్చావ్' చిత్రంతో తెలుగువారి ఇంటిపిల్ల అయిపోయిన ఆ నటి, 2015 జూన్ 6న అమెరికాలో 31 ఏళ్లకే కన్నుమూసింది. అంతకు కొన్నివారాల ముందు ఆమె కొవ్వు తీయించుకునే చికిత్స చేయించుకున్నదనీ, శ్వాసబాధతో ఉన్నదనీ ఆనాడు పత్రికలు రాసినవి. తల్లి భయపడటంలో వింత లేదు. కాని ఆ చికిత్స వేరు, ఇది వేరు. అది చర్మం కింది కొవ్వును గొట్టంతో పీల్చి ఆకారం దిద్దేది. దాన్ని లైపోసక్షన్ అంటారు. ఇది జీర్ణాశయానికి చేసేది. బరువుతోపాటు జబ్బునూ తగ్గించే ఉద్దేశంతో చేసేది. రెండింటిలోనూ అపాయం లేకపోలేదు. ఏ అపాయం ఎక్కడ పొంచి ఉన్నదో డాక్టరుచేత విడమరచి చెప్పించుకుని, ఆ తరువాతనే సంతకం పెట్టాలి. అమ్మ ఎదుటనే నేనవన్నీ అడిగాను. అప్పటికిగాని ఆమె ఊరుకోలేదు.

బెల్టు చేసే పని

ఆపరేషనైన కొద్దిగంటలకే లేచి నడవమంటారు. పొట్టకండరాలు ఎన్ని పనులు చేస్తవో అవి నొచ్చిననాడే తెలుస్తుంది. దగ్గినా, తుమ్మినా, నవ్వినా, మంచంమీద పక్కకు ఒత్తిగిలినా కలుక్కుమంటుంది. అందుకని మనిషి గూనివాడిలాగా వంగి, ఊపిరి పైపైన తీస్తూ, దగ్గు వస్తే బిగబట్టుకుంటాడు. ఊపిరితిత్తులకు అది మంచిది కాదు. బెల్టు చుట్టితే బయటినుంచి ఒక చెయ్యి ఆనించినట్లుంటుంది. కోసినచోట కదలిక తగ్గుతుంది. నొప్పి తగ్గినవాడు నిటారుగా నడుస్తాడు, నిండుగా ఊపిరి తీస్తాడు, ధైర్యంగా దగ్గుతాడు. అంతే దాని పని.

పెద్దకోత పెట్టిన ఆపరేషన్ల తరువాత ఈ బెల్టు నొప్పిని కొంత తగ్గిస్తుందనీ, నడక త్వరగా కుదిరేందుకు తోడ్పడుతుందనీ పరిశీలనలు చెబుతున్నవి. హెర్నియా రాకుండా కాపాడుతుందనిగాని, గాయం కింద నీరు చేరకుండా ఆపుతుందనిగాని రుజువు కాలేదు. చిన్న రంధ్రాల ఆపరేషనుకు బెల్టు అక్కరలేదనే వైద్యులు కూడా చాలామంది ఉన్నారు. కాబట్టి మీ డాక్టరు బెల్టు ఇవ్వలేదని బెంగపెట్టుకోనక్కరలేదు. దగ్గు వచ్చినప్పుడు చిన్న దిండు పొట్టకు అదుముకుంటే ఆ కాసేపూ అదే పని చేస్తుంది.

మఠంపల్లి ఎండ ఎరిగినవారికి ఏప్రిల్, మే నెలల్లో పొట్టకు ఎలాస్టిక్కు చుట్టుకుని తిరగటం ఎటువంటిదో వేరే చెప్పాలా? నాకు ఉపకరించిన జాగ్రత్తలు చెబుతాను. ముందు పల్చని నూలుబనీను వేసుకుని దానిమీద బెల్టు కట్టాలి. వెల్లకిలా పడుకుని ఉండగా, కిందినుంచి పైకి బిగించాలి. బిగించాక రెండువేళ్లు దూరాలి. నిండుగా ఊపిరి ఆడాలి. రెండు బెల్టులుంటే ఒకటి ఉతికి నీడన ఆరేసినప్పుడు రెండోది వాడుకోవచ్చు. తడి బెల్టు కడితే ఒరుసుకుని పొక్కులొస్తవి. కూర్చుంటే చాపలాగా చుట్టుకుపోయే బెల్టు మన సైజుది కాదన్నమాట. మూడువారాలకే నా బెల్టు వెల్క్రో పట్టీ అవతలి అంచుదాకా పోయింది. చిన్నది కొనవలసి వచ్చింది.

ముఖ్యమైనది మరొకటి ఉన్నది. మజ్జిగో, పప్పుకట్టో తాగేటప్పుడు బెల్టు వదులు చేసుకోవాలి. పొట్టను బయటినుంచి నొక్కితే లోపలి ఒత్తిడి పెరిగి పులుపు గొంతుకు ఎగదన్నుతుంది. స్లీవ్ చేయించుకున్నవారికి అసలే ఆ బాధ కాస్త ఎక్కువ. ఎంత బిగిస్తే అంత మంచిదనుకోవటం ఈ బెల్టు విషయంలో చెల్లదు.

మా మండలంలోనే కృష్ణ ఒడ్డున మట్టపల్లి లక్ష్మీనరసింహస్వామి వెలసి ఉన్నాడు. పదకొండు రోజులు అక్కడే ఉండి, నదిలో స్నానంచేసి, ప్రదక్షిణలు చేస్తే జబ్బులు నయమవుతవని మా ప్రాంతపు నమ్మకం. అమ్మ నాకోసం మొక్కుకున్నది. గాయాలు మానాక, డాక్టరుగారి అనుమతి తీసుకుని, బెల్టు కట్టుకుని, అమ్మ చెయ్యి పట్టుకుని గుడిచుట్టూ తిరిగాను. డాక్టరుగారు నడవమన్నది ఒంటికోసం, అమ్మ నడిపించినది స్వామికోసం. కాళ్లకు మాత్రం రెండూ ఒకటే.

కాళ్లకు మేజోళ్లు

ఎవరూ అడగని వస్తువు ఒకటి ఉన్నది: ఆసుపత్రిలో తొడిగిన బిగుతు మేజోళ్లు. నిజానికి బెల్టు కంటె వీటి పని గొప్పది. బరువెక్కిన మనిషి పెద్ద ఆపరేషనై మంచాన పడితే కాలి సిరల్లో నెత్తురు గడ్డకట్టే ప్రమాదం ఉన్నది. ఆ గడ్డ కదిలి ఊపిరితిత్తులకు చేరితే ప్రాణానికే ముప్పు. ఈ మేజోళ్లు చీలమండ దగ్గర ఎక్కువ బిగువుగా, పైకిపోయినకొద్దీ తక్కువ బిగువుగా ఉండి నెత్తుటిని పైకి సాగనిస్తవి.

దీని పుట్టుక ముచ్చటైనది. జర్మనీలో పుట్టి అమెరికాలో స్థిరపడిన కొన్‌రాడ్ జాబ్‌స్ట్ అనే ఇంజనీరుకు కాలి సిరల వ్యాధి ఉండేది. ఈతకొలనులో నిలబడితే నొప్పి తగ్గటం ఆయన గమనించాడు. నీటి ఒత్తిడి లోతుకు పోయినకొద్దీ పెరుగుతుంది గదా! అదే సూత్రం మీద, పాదం దగ్గర బిగువు, పైన సడలింపు ఉండే మేజోడును ఆయన 1950 ప్రాంతాల తయారుచేశాడు. అయితే ఇవి కూడా వైద్యుడు చెప్పి తొడగవలసినవే. కాలి ధమనుల్లో జబ్బున్నవారికి ఇవి కీడు చేస్తవి. చాలామందికి మేజోళ్లతోపాటు నెత్తురు గడ్డకట్టకుండా సూదిమందు కూడా ఇస్తారు. అన్నింటికంటె పెద్ద మందు నడకే.

ఇక్కడే ఒక హెచ్చరిక. జ్వరం, గుండెదడ, నానాటికీ హెచ్చే కడుపునొప్పి, ఎడమభుజంలో నొప్పి, ఆయాసం, ఆగని వాంతులు, ఒక పిక్క వాచి నొప్పిపెట్టడం, వీటిలో ఏది కనిపించినా బెల్టు సర్దుకుంటూ కూర్చోవద్దు. కుట్టినచోట లోపల కారుతున్నదేమో, గడ్డ కట్టినదేమో వైద్యుడు చూడాలి. మఠంపల్లివంటి ఊరినుంచి పెద్దాసుపత్రి చేరటానికి గంటలు పడుతుంది. తెల్లవారనీ, చూద్దాం అనుకోకూడదు.

ఎరువు సొమ్ము బరువు చేటు

మా అమ్మ వీధిలో నా ఆపరేషను సంగతి చెప్పలేదు, పిత్తాశయంలో రాళ్లన్నది. ఇంట్లో మా అన్న కూతురు పెళ్లికెదిగి ఉన్నది. మేనత్తకు కడుపు కోయించవలసినంత బరువంటే పిల్లకు సంబంధాలు వెనక్కు పోతవని ఆమె భయం. ఇంతలో నేను నెలకు అయిదారు కిలోల చొప్పున తగ్గసాగాను. రాళ్లు తీస్తే ఎవరూ అంత తగ్గరు. కనుక వీధివాళ్లు తమకు తోచిన కారణం తామే కనిపెట్టుకున్నారు: అంతా ఆ బెల్టు మహిమ!

మే నెలలో ఒకనాటి సాయంత్రం మా ఎదురింటి ఇల్లాలు వచ్చి, గొంతు తగ్గించి, "పంతులమ్మా, నీ బెల్టు ఒక పదిరోజులు ఇయ్యరాదూ. మా పిల్లను చూసుకోను వస్తున్నరు" అన్నది. పిల్లకు ఇరవైరెండేళ్లు. అప్పటికే వారంనుంచి తల్లి పాతచీర చించి పిల్ల పొట్టకు బిగించి కడుతున్నదట. రాత్రిపూట అన్నం మానిపించిందట. పిల్ల రెండుసార్లు కళ్లు తిరిగి పడిపోయిందట.

వంటింటి గుమ్మంలోనుంచి అమ్మ నావంక చూస్తున్నది. బెల్టు ఇచ్చి పంపితే మా ఇంటి గుట్టు దాగుతుంది. ఆ పిల్ల ఆకలితో, ఊపిరాడక, పెళ్లిచూపుల నాటికి సొమ్మసిల్లుతుంది. నేను ఉన్నదున్నట్లు చెప్పేశాను. ఏం కోశారో, ఎంత తింటున్నానో, తెల్లవారి ఎన్ని మాత్రలు మింగుతున్నానో అన్నీ చెప్పాను. బెల్టు గాయానికి కట్టినది తప్ప కొవ్వుకు కట్టినది కాదన్నాను. అమ్మ రెండురోజులు నాతో మాట్లాడలేదు.

కొవ్వు కరిగించే బెల్టులని టీవీలోనూ, ఫోనులోనూ ప్రకటనలు చూస్తుంటాం. చెమట పట్టించే బెల్టు కట్టుకుని కాటామీద నిలబడితే అర్ధకిలో తగ్గినట్టే కనిపిస్తుంది. తగ్గినది ఒంట్లోని నీరు. రెండు గ్లాసులు తాగితే తిరిగి వస్తుంది. కొవ్వు నొక్కితే పక్కకు జరుగుతుందిగాని కరిగిపోదు. బాలింత కట్టు సంగతీ అంతే. నడుముకు ఆసరాగా, హాయిగా ఉంటే ఉండవచ్చు. పొట్ట తగ్గేది మాత్రం గర్భసంచి ముడుచుకోవటంవల్ల, కండరాలు తిరిగి గట్టిపడటంవల్ల. అతిగా బిగిస్తే కటిభాగపు కండరాలమీద భారం పడుతుంది.

ఆ పిల్లను నెల తరువాత లేడీడాక్టరుకు చూపించారు. నెలసరి సరిగా రావటంలేదన్న సంగతి అప్పుడు బయటపడింది, పీసీఓడీ అన్నారు. అటువంటి పిల్లకు కావలసినది వైద్యం, వేళకు తిండి, నడక. పస్తులూ, బిగుతుకట్లూ కావు. ఆ సంబంధం కుదరలేదు. పిల్ల బి.ఇడి.లో చేరింది. కొంత బరువు తగ్గింది, కొంత తగ్గలేదు. మా ఇంటి గుట్టు ఊరంతా తెలిసిపోయింది. మా మేనకోడలికి సంబంధాలు రావటం మాత్రం ఆగలేదు.

వదులైన చర్మం

ఏడాది తిరిగేసరికి 68 కిలోలకు వచ్చాను. మధుమేహం మాత్రలు ఒకటికి తగ్గినవి. పోయిన 36 కిలోలూ ఒంట్లోంచి పోయినవిగాని, వాటిని మోసిన చర్మం ఎక్కడికీ పోలేదు. పొట్టకింద మడత, భుజాలకింద వేలాడే చర్మం; ఎండాకాలం ఆ మడతల్లో చెమట నిలిచి ఒరుపు, దురద, పుండ్లు. సన్నబడితే అన్నీ చక్కబడతవనుకున్నవారికి ఇది ఎవరూ ముందుగా చెప్పని కష్టం.

దీనికి రెండోరకం కట్టు అక్కరకొస్తుంది. 1958లో అమెరికాలోని డూపాంట్ కంపెనీలో జోసెఫ్ షివర్స్ అనే రసాయనవేత్త స్పాండెక్స్ అనే సాగేనూలును కనిపెట్టాడు. ఆ నూలుతో నేసిన లోపలి దుస్తులు మడతను ఎత్తిపట్టి, చర్మం చర్మంతో ఒరుసుకోకుండా చేస్తవి. బస్సులో కుదుపులకు పొట్ట ఊగదు. చీర కుదురుగా నిలుస్తుంది. నేను కళాశాలకు వేసుకుని పోతున్నాను. ఇంటికి రాగానే విప్పి, కడుక్కుని, తడి లేకుండా తుడుచుకుంటున్నాను. కాని చర్మాన్ని ముడిచే శక్తి ఏ గుడ్డకూ లేదు. బాధ భరించరానిదైతే వదులుచర్మం తీసివేసే ఆపరేషను వేరే ఉన్నది. బరువు ఒకచోట నిలిచాక, సాధారణంగా మొదటి ఆపరేషనైన ఏడాది, ఏడాదిన్నర తరువాత అది చేస్తారు. అప్పుడు వాపు అదుపులో ఉంచటానికి బిగుతుదుస్తులు కొన్నివారాలు వేసుకొమ్మంటారు. కట్టుకు ఎక్కువ పని పడేది ఆ ఆపరేషను తరువాతనే.

విప్పరానివి

బెల్టు ఆరువారాలకు విప్పేశాను. విప్పరానివి వేరే ఉన్నవి. ముందు పప్పో, గుడ్డో, పెరుగో తిని, ఆ తరువాతనే అన్నంవంక చూడాలి. తింటూ నీళ్లు తాగరాదు. బి12, ఇనుము, కాల్షియం, డి విటమినులు బతికినన్నాళ్లూ వాడాలి. వేళకు నెత్తురు పరీక్ష చేయించాలి. వాంతులు ఆగకపోతే బి1 విటమిను కరువై నరాలు దెబ్బతినే ప్రమాదం ఉన్నది. ఇవన్నీ విడిచిపెడితే పోయిన బరువు తిరిగి రాగలదు. ఇవేవీ చీరమాటున ఉబ్బెత్తుగా కనపడవు. అందుకే వీటి గురించి అడిగేవాళ్లుండరు.

మీ ఇంట్లో ఎవరికైనా బెల్టు కట్టవలసి వస్తే డాక్టరును మూడు ప్రశ్నలు అడగండి: ఎన్నాళ్లు కట్టాలి, ఎంత బిగించాలి, ఏ వేళల్లో విప్పాలి. ఈ మూడింటికీ ఆయన జవాబు చెప్పగలడు. "ఎన్నాళ్లయినా, ఎంతైనా, ఎప్పుడైనా" అనే బెల్టు ఎవరైనా అమ్మవస్తే, ఆ డబ్బు పెట్టి ఇంటికి నాలుగు కిలోల కందిపప్పు కొనుక్కోండి.